తలకు దెబ్బ తగిలాక దిగులు కొలిచే కాగితాలు: ఒకదాంట్లో 16, ఇంకోదాంట్లో 6. ఏది నమ్మాలి?

మామిడితోపు (కందుకూరు)
అందరికీ నమస్కారం. మా తమ్ముడి సంగతి అడుగుదామని వచ్చాను. వాడికి 29 ఏళ్లు. పోయిన ఏడాది రాత్రిపూట సింగరాయకొండ దగ్గర హైవే మీద బండి జారి పడ్డాడు. 108లో ఒంగోలు తీసుకుపోయారు. తలలో గడ్డకట్టిన రక్తాన్ని ఆపరేషన్ చేసి తీశారు. డిశ్చార్జి కాగితంలో జీసీఎస్ (దెబ్బ తగిలాక స్పృహ ఎంతుందో కొలిచే లెక్క) 9 అని రాసి ఉంది. ఇప్పుడు నడుస్తాడు, తింటాడు, మాట్లాడతాడు. చూడ్డానికి వచ్చినవాళ్లంతా మనిషి దక్కాడు కదా, అదే పదివేలు అంటారు.

దక్కాడు గానీ మునుపటి మనిషి కాదు. రొయ్యల మేత దుకాణంలో లెక్కలు చూసేవాడు, వడ్డీ నోటితోనే కట్టేసేవాడు. ఇప్పుడు పగలంతా పడుకునే ఉంటాడు, రాత్రి నిద్రపోడు. కాసేపు మాట్లాడితే చాలు, అలిసిపోతాడు. మా పిల్లలు గట్టిగా అరిస్తే కంచం విసిరేస్తాడు. అమ్మ దిష్టి అంటుంది. నాన్న బద్ధకం అంటాడు.

ఒంగోలులో ఒకచోట తొమ్మిది ప్రశ్నల కాగితం నింపించారు. 16 వచ్చింది, డిప్రెషన్ గట్టిగానే ఉంది అన్నారు. నెల తిరక్కముందే నెల్లూరులో ఇంకోచోట చూపిస్తే పద్నాలుగు ప్రశ్నల కాగితం ఇచ్చారు. అందులో డిప్రెషన్‌కి 6, ఆందోళనకి 12. "డిప్రెషన్ ఏం లేదమ్మా, టెన్షన్ అంతే" అన్నారు. మనిషి అదే మనిషి. ఏ కాగితాన్ని నమ్మాలో ఎవరైనా చెప్తారా?

పెన్నా గట్టు (నెల్లూరు)
రెండూ నమ్మొద్దమ్మా. దిగులుకి మార్కులేంది అసలు? షుగర్ ఉందంటే రక్తం తీసి చెప్తారు, ఎముక విరిగిందంటే ఎక్స్‌రే చూపిస్తారు. ఇక్కడేమో వాడు టిక్కు పెట్టిన చోటును బట్టి రోగం. మా బంధువుల పిల్లోడికి ఆత్మకూరు రోడ్డులో యాక్సిడెంటయ్యి తలకి దెబ్బ తగిలింది. పోయినప్పుడల్లా కాగితమే. వాడితో నిదానంగా కూర్చుని మాట్లాడినోళ్లు ఒక్కరు లేరు.

నిండు చెరువు (నెల్లూరు)
నేను క్లినికల్ సైకాలజిస్టుని. తలకు గాయమైనవాళ్లతోనే నా పని ఎక్కువ. పెన్నా గట్టు అన్న కోపంలో న్యాయం ఉంది, కానీ ఆ తప్పు కాగితానిది కాదు.

అమ్మా, మీరు చెప్పినదాన్ని బట్టి మొదటిది పీహెచ్‌క్యూ-9, రెండోది హెచ్‌ఏడీఎస్. పీహెచ్‌క్యూ-9ని 2001లో పరీక్షించి ప్రచురించారు. గత రెండు వారాల సంగతి అడుగుతుంది. ఒక్కో ప్రశ్నకి 0 నుంచి 3, మొత్తం 27. మామూలుగా 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఆగి చూడాలి అంటారు, 15 నుంచి 19 అయితే ఓ మోస్తరు తీవ్రం. చిక్కెక్కడంటే, ఆ తొమ్మిదింటిలో నిద్ర, నీరసం, ఆకలి, ఏకాగ్రత, నిదానించడం అనే ఐదూ మెదడు దెబ్బ వల్ల నేరుగా కూడా వస్తాయి. దిగులు బొత్తిగా లేని మనిషికి కూడా ఈ ఐదింట్లోనే 12, 13 పడొచ్చు.

హెచ్‌ఏడీఎస్‌ని 1983లో జిగ్‌మండ్, స్నేత్ అనే ఇద్దరు తయారుచేశారు. ఒంట్లో జబ్బుతో ఆసుపత్రికి వచ్చేవాళ్ల కోసం చేసింది కాబట్టి నిద్ర, ఆకలి, నీరసం లాంటివి కావాలనే వదిలేశారు. ఏడు ప్రశ్నలు ఆందోళనకి, ఏడు డిప్రెషన్‌కి, ఒక్కో భాగానికి మొత్తం 21 మార్కులు. 7 దాకా ఫర్వాలేదు, 8 నుంచి 10 సందేహం, 11 నుంచి పైకి ఉంటే పట్టించుకోవాలి. గత వారం సంగతే అడుగుతుంది. మనిషికి ఇంకా దేనిలోనైనా సంతోషం దొరుకుతోందా అన్నదాని మీదే డిప్రెషన్ భాగం ఎక్కువగా నిలబడింది. ఒంటి లక్షణాలు తీసేశాం అన్నారు గానీ నిదానించిపోయినట్టు ఉందా అనే ప్రశ్న అందులోనూ మిగిలే ఉంది!

కాబట్టి 16కీ 6కీ తగాదా లేదు. రెండు కాగితాలూ వేరువేరు సంగతులు అడిగాయి. మొత్తం మార్కు పక్కనపెట్టి, తొమ్మిది ప్రశ్నల కాగితంలో దేనికి ఎంత పడిందో చూసి పెట్టగలరా?

మామిడితోపు
మేడమ్, ఫైల్లో జిరాక్సు ఉంది. వరసగా రాస్తున్నాను. పనుల మీద ఆసక్తి 1, దిగులు 1, నిద్ర 3, నీరసం 3, ఆకలి 1, తన మీద తనకే చులకన 1, ఏకాగ్రత 3, నిదానం 2, చివరిది 1. చివరిదేంటో నేను ఇప్పుడే చదివాను. చచ్చిపోతే బాగుండు అన్న ఆలోచన గురించట. దీని గురించి మాతో ఎవరూ మాట్లాడలేదు. 16 అని పైన రాసి చుట్టూ గీత గీసి ఇచ్చారు.

నిండు చెరువు
మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ చివరి 1.

ఆ ప్రశ్నకి 0 కాకుండా ఏది పడినా ఆ రోజే, ఆ గదిలోనే మనిషితో విడిగా మాట్లాడాలి. మొత్తం 4 వచ్చినా సరే, 24 వచ్చినా సరే. దాన్ని కూడికలో కలిపేసి వదిలేయకూడదు.

ఈ రాత్రి మీరు చేయగలిగింది ఇది. తమ్ముడితో ఒంటరిగా కూర్చోండి, అమ్మానాన్న లేకుండా. "ఎప్పుడన్నా చచ్చిపోవాలని అనిపిస్తోందా? ఏమన్నా చేసుకోవాలని అనుకున్నావా?" అని నేరుగానే అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనని భయపడొద్దు, అలా జరగదు. ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే ఇవాళే వేరేచోటికి పంపేయండి. మాత్రల స్ట్రిప్పులు మీ దగ్గర పెట్టుకుని ఏ పూటవి ఆ పూట ఇవ్వండి. టెలి మానస్ నంబరు 14416. ప్రభుత్వానిది, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. ఏదన్నా చేసుకోబోతున్నట్టు అనిపిస్తే మాత్రం ఫోన్లతో ఆగకండి, మనిషిని ఒంటరిగా వదలకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి. మాట్లాడాక ఇక్కడ ఒక్క ముక్క రాయండి.

పెన్నా గట్టు
అమ్మా, మేడమ్ చెప్పినట్టు చెయ్యి ముందు. వాదన రేపు పెట్టుకుందాం.

మామిడితోపు
మాట్లాడాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "నేను ఆ రోజే పోయుంటే మీకు ఈ ఖర్చు తప్పేది గదక్కా" అన్నాడు. చేసుకోవాలని అనుకోలేదట, ఎట్టా అన్నదీ ఆలోచించలేదట. గుళికల మందు డబ్బాలు మామయ్య వాళ్ల కొట్టంలో పెట్టించాను. 14416కి చేసి వాడిచేత కూడా మాట్లాడించాను. మానసిక వైద్యుడికి చూపించమన్నారు. ఈ వారంలోనే తీసుకుపోతున్నా.

నల్లరాయి (చీమకుర్తి)
అక్కా, నేను కూడా తలకి దెబ్బ తగిలినోడినే. గ్రానైట్ క్వారీలో బెంచి (రాయి కోసిన మెట్టు) మీద నుంచి పడ్డా. ఆ కాగితాలు నాకూ పెట్టారు కాబట్టి లోపలి సంగతి చెప్తా.

నర్సమ్మ గట్టిగా చదువుతా ఉంటుంది. పక్కన మా అమ్మ, మా మామ, ఎనక లైన్లో ఇంకో పదిమంది. "మీకు బతుకు మీద విరక్తిగా ఉందా?" అంటే మామ ముందు ఏ అల్లుడన్నా ఉంది అంటాడా? లేదు, లేదు, లేదు అని చెప్పుకుంటా పోయా. సున్నా వచ్చింది. మనిషి బెమ్మాండంగా ఉన్నాడని రాశారు.

ఇంకోటి. "గత రెండు వారాల్లో ఎన్ని రోజులు" అని అడుగుతారు. నిన్న కూరేంటో నాకు గుర్తుండదు, రెండు వారాలు ఎక్కడ గుర్తుంటాయి? ఆ పూట ఎట్టా ఉంటే అదే చెప్తాం. ఆటోలో ఒంగోలు దాకా కుదుపులు పడి, ఎండలో నిలబడి, తల పగిలిపోతా ఉంటే అన్నిటికీ మూడే పెట్టాలనిపిస్తది. పొద్దున్నే ఇంట్లో అడిగితే వేరేగా చెప్తా.

మా చెల్లెలు ఒక ఉపాయం చేసింది. గోడ మీద క్యాలెండర్లో రోజూ సాయంత్రం నన్ను అడిగి ఒక గుర్తు పెట్టేది. బాగుంటే గీత, బాగాలేకపోతే ఇంటూ. డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు ఆ పేజీ ఫోటో తీసుకుని పోతాం. కాగితం కన్నా ఆ డాక్టరు దాన్నే ఎక్కువసేపు చూశాడు.

నిండు చెరువు
నల్లరాయి తమ్ముడూ, నువ్వు రాసింది మా విద్యార్థులకు చూపిస్తాను, పేరు లేదు కాబట్టి. ప్రశ్నలు చదివి వినిపించడం తప్పు కాదు, చూపు తగ్గినవాళ్లకి, చదవలేనివాళ్లకి అలాగే చేయాలి. పదిమందిలో చదవడమే తప్పు. అలిసిపోయే మనిషికి మధ్యలో ఆపి మంచినీళ్లు ఇచ్చి మళ్లీ అడగొచ్చు, నిబంధన ఏం అడ్డురాదు.

కనిగిరి కోడలు (కనిగిరి)
మా ఆయనకి ఇట్లా అయ్యి మూడో ఏడు. ఆయన్ని అడిగితే "నాకేం, రాయిలా ఉన్నా" అంటారు. ఇంట్లో నరకం. మరి ఆ కాగితం నాకిస్తే నేను నింపుతాను కదా? ఎందుకివ్వరు?

నిండు చెరువు
ఇస్తారమ్మా, ఇవ్వాలి కూడా. తలకు బలమైన దెబ్బ తగిలినవాళ్లలో కొందరికి తమలో వచ్చిన మార్పు తమకు తెలియదు. అబద్ధం కాదు, మొండితనం కాదు, తన స్థితి తాను గమనించుకునే భాగమే దెబ్బతిని ఉంటుంది. అలాంటివాళ్లు నింపితే మార్కు తక్కువే వస్తుంది.

కానీ ఇంట్లోవాళ్లు నింపినదాన్నీ కళ్లు మూసుకుని తీసుకోలేం. మీరు మూడేళ్లుగా నిద్ర చాలకుండా ఉన్నారు. ఆయన కోపం మీకు కనిపిస్తుంది, ఆయన లోపలి దిగులు కనిపించకపోవచ్చు. మీ అలసట కూడా ఆయన మార్కుల్లోకి వచ్చి చేరుతుంది. అందుకే ఇద్దరినీ విడివిడిగా అడిగి పక్కపక్కన పెట్టి చూస్తాం. ఎక్కడ బాగా తేడా వస్తే అక్కడ మాట్లాడతాం. కుదిరితే మీరూ మీ కోసం ఒక కాగితం నింపండి. చూసుకునేవాళ్లలో డిప్రెషన్ తక్కువేం కాదు, అడిగేవాళ్లే తక్కువ.

ఇంకో మాట. కొంతమందిలో నెలలు గడిచేకొద్దీ తన పరిస్థితి తనకు అర్థం కావడం మొదలవుతుంది. పాత ఉద్యోగం రాదని, లెక్కలు కట్టలేకపోతున్నానని తెలుస్తుంది. అప్పుడు మార్కు పెరుగుతుంది. ఇంట్లోవాళ్లేమో మెదడు బాగుపడుతుంటే దిగులెందుకు అంటారు. బాగుపడబట్టే అది తెలిసొచ్చింది.

మందుల బీరువా (కోవూరు)
మెడికల్ షాపు నడుపుతాను. చీటీ చూడకుండా చెప్పకూడదు గానీ ఒక ప్రశ్న. ఫిట్స్ రాకుండా లెవెటిరాసెటమ్ వాడుతున్నాడా? ఆ మందుతో కొందరికి చిరాకు, కోపం, దిగులు వస్తాయి. తెలిసిన సైడ్ ఎఫెక్టే. చెప్పానని మీరే ఆపేయకండి, ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వస్తాయి. రాసిన డాక్టరునే అడగండి. కావాలంటే మార్చడానికి వేరే మందులున్నాయి. అలాగే థైరాయిడ్, సోడియం పరీక్షలు చేయించారా? తలదెబ్బలో పిట్యూటరీ గ్రంథి దెబ్బతింటే హార్మోన్లు తగ్గి మనిషి అచ్చం దిగులు పట్టినట్టే పడి ఉంటాడు. దానికి కాగితం పనికిరాదు, రక్త పరీక్షే.

మామిడితోపు
అదే మందు అన్నా. 500 నుంచి 1000కి పెంచారు. కంచాలు విసరడం ఆ తర్వాతే మొదలైంది. కోపం పెరిగింది దెబ్బ వల్లే అనుకుంటూ ఉన్నాం.

పెన్నా గట్టు
వాదన పెట్టుకుందాం అన్నాగా, వచ్చా. మేడమ్, మీరే చెప్పండి. ఆ పిల్లోడికి నీరసం, నిద్ర, ఏకాగ్రత, నిదానం తీసేస్తే మిగిలేది 5. అంటే డిప్రెషన్ లేదనేగా? ఒంగోలోళ్లది తప్పు, నెల్లూరోళ్లది ఒప్పు. మా ఊరు గెలిచింది.

నిండు చెరువు
ఊళ్ల పందెం కాదన్నా! అలా తీసేయడం తేలిక, కానీ తీసేస్తే అసలు రోగిని వదిలేసే ప్రమాదం ఉంది. దిగులు వల్ల కూడా నిద్ర పోతుంది కదా. ఏ నిద్ర దెబ్బది, ఏ నిద్ర దిగులుది అని గీత గీయలేం.

ఈ కాగితానికి కూడిక కాకుండా ఇంకో లెక్క ఉంది. మామూలు లెక్కలో, ఐదు లక్షణాలైనా సగానికి పైగా రోజులు ఉండాలి, అంటే 2 లేదా 3 పడాలి. చావు ఆలోచన మాత్రం 1 పడినా లెక్కలోకే వస్తుంది. ఆ ఐదింటిలో ఆసక్తి పోవడమో దిగులో తప్పనిసరి. తమ్ముడికి నిద్ర, నీరసం, ఏకాగ్రత, నిదానం, చివరిది కలిపి ఐదు వచ్చాయి, కానీ మొదటి రెండూ 1 దగ్గరే ఆగాయి. కాబట్టి 16 వచ్చినా ఈ లెక్క ప్రకారం డిప్రెషన్ అనలేం.

2005లో అమెరికాలోని సియాటిల్‌లో ఫాన్ అనే వైద్యుడి బృందం తలగాయం రోగులకే ఈ కాగితం పెట్టి, పూర్తి ఇంటర్వ్యూతో పోల్చింది. వీళ్లలో పనికొచ్చిన లెక్క వేరు. ఐదు లక్షణాలు కనీసం కొన్ని రోజులు, అంటే 1 పడినా చాలు, వాటిలో మొదటి రెండింట్లో ఒకటి ఉండాలి. ఆ లెక్కతో, ఇంటర్వ్యూలో డిప్రెషన్ తేలినవాళ్లలో 93 శాతం మంది దొరికారు. లేనివాళ్లలో 89 శాతం మందికి లేదనే వచ్చింది. ఒంటి లక్షణాలు కలిపి ఉంచినా కాగితం పనిచేసింది. ఈ లెక్కలో తమ్ముడు లోపలికే వస్తాడు.

పెన్నా గట్టు
అంటే ఒకే కాగితం, ఒక లెక్కలో లేదు, ఒక లెక్కలో ఉంది. ఇంకా నమ్మమంటారా?

నిండు చెరువు
అది జల్లెడ అన్నా. ఎవరితో తీరిగ్గా కూర్చోవాలో చెప్తుంది. ఆ కూర్చోవడం మానేసి జల్లెడలో మిగిలినదాన్నే రోగం పేరుగా రాసేస్తే మీరన్న కష్టాలొస్తాయి. కానీ జల్లెడే వద్దంటే ఎంతమంది జారిపోతారో చూడండి. 2010లో అదే సియాటిల్ నుంచి వచ్చిన అధ్యయనంలో ఆసుపత్రిలో చేరిన 559 మంది తలగాయం రోగులను ఏడాది పాటు ఫోన్లో ఇదే కాగితంతో అడుగుతూ పోయారు. 53 శాతం మందికి ఆ ఏడాదిలో ఎప్పుడో ఒకప్పుడు తీవ్ర డిప్రెషన్ లెక్కకు వచ్చింది. మన దగ్గర కుట్లు విప్పాక అడిగేవాళ్లెవరు?

కనిగిరి కోడలు
మేడమ్, ఏడుపు వస్తే డిప్రెషనేనా? మా ఆయన వార్తలు చూస్తూ ఏడ్చేస్తారు. ఒకసారి చావింట్లో నవ్వేశారు, తల ఎత్తుకోలేకపోయాను.

నిండు చెరువు
ఆ ఏడుపు వచ్చి నిమిషంలో ఆగిపోయి, ఎందుకేడ్చారో ఆయనకే తెలియకపోతే అది వేరే సంగతి. లోపలి దుఃఖంతో సంబంధం లేకుండా ఏడుపు, నవ్వు పట్టు తప్పుతాయి. దానికి మందు ఉంది, డాక్టరుకి ఇలాగే వర్ణించి చెప్పండి. ఇంకోటి కూడా కలగాపులగం అవుతుంది. కొందరు తమంతట తాము ఏదీ మొదలుపెట్టరు, కానీ రొట్టెల పండక్కి పోదాం రా అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్తే దర్గా దగ్గర అందరితో పాటు బాగానే ఉంటారు, బాధగా ఉందా అంటే లేదంటారు. అది దిగులు కాదు, పూనుకునే శక్తి దెబ్బతినడం. దిగులున్న మనిషి అక్కడికి వచ్చినా లోపల ఎండిపోయే ఉంటాడు. ఒక మనిషిలోనే రెండూ ఉండొచ్చు, అందుకే ఒక్క చూపులో తేలదు.

ఒంగోలు వకీలు (ఒంగోలు)
చిన్న మాట. యాక్సిడెంటు పరిహారం కేసులో ఈ మార్కుల చీటీ ఒక్కటే పెట్టి లాభం లేదు. మానసిక వైద్యుడి నిర్ధారణ, చికిత్స కాగితాలు, మెడికల్ బోర్డు సర్టిఫికెట్ కావాలి. కొంతమంది కేసు కోసం అన్నిటికీ మూడు పెట్టమని నేర్పిస్తున్నారు. అవతలి వకీలు అడ్డప్రశ్నల్లో చీల్చేస్తాడు, ఉన్న జబ్బు కూడా నాటకం అయిపోతుంది. పెళ్లి సంబంధం చెడుతుందని కాగితాలు చింపేసినవాళ్లనీ చూశాను. అది ఇంకా నష్టం.

నల్లరాయి
టెన్షన్‌కి 12 వచ్చిందన్నారు గదా అక్కా, దాని ఊసు ఎవరూ ఎత్తలేదే. లారీ హారన్ వింటే ఎట్టా ఉంటాడు?

మామిడితోపు
గోడకి ఆనుకుని నిలబడిపోతాడు. బస్టాండు దాకా కూడా రాడు. పడిన సంగతి వాడికి గుర్తే లేదు, అయినా భయం. ఫిట్స్ జనంలో వస్తే ఎట్టా అని ఇంకో భయం.

నిండు చెరువు
12 అంటే పట్టించుకోవాల్సిందే, "టెన్షన్ అంతే" అని పంపేసేది కాదు. ప్రమాదం గుర్తులేకపోయినా ఆ భయం రావొచ్చు. దానికి పీసీఎల్-5 అని ఇరవై ప్రశ్నల కాగితం వేరే ఉంది. ఫిట్స్ భయం మాత్రం భయంలా కాకుండా ప్రశ్నలా తీసుకోండి, ఎంత అవకాశం ఉందో న్యూరో డాక్టరు నోటితో వాడికే చెప్పించండి. సగం అక్కడే తగ్గుతుంది.

మామిడితోపు
చూపించి వచ్చాం. నెల్లూరులోనే, వేరే డాక్టరమ్మ. ముందు వాడితో ఒంటరిగా మాట్లాడింది, తర్వాత నాతో, తర్వాత అమ్మతో. మేడమ్ చెప్పిన వరసే. డిప్రెషన్ ఉంది అన్నది, 16 చూసి కాదు, వాడు చెప్పింది విని. దుకాణం మాట వస్తే వాడు గోడవైపు తిరిగిపోయాడట. చిన్న డోసులో మాత్ర మొదలుపెట్టింది. ఫిట్స్ మందు సంగతి న్యూరో డాక్టరుతో ఫోన్లో మాట్లాడింది, దాన్ని మెల్లగా తగ్గిస్తూ ఇంకోటి ఇస్తున్నారు. రక్తపరీక్షలకి ఇచ్చాం. నెల తర్వాత మళ్లీ అదే తొమ్మిది ప్రశ్నలు, పొద్దున పూటే, ఆవిడే అడుగుతుందట. క్యాలెండర్ కూడా పెట్టాం. మొదటి రోజే నాన్న వచ్చి, నా పేరున కూడా ఒక గీత పెట్టండి అన్నాడు.

పెన్నా గట్టు
మార్కులు నాకు ఇప్పటికీ నచ్చవు. ఆ డాక్టరమ్మ కూర్చుని మాట్లాడిందన్నావే, అది నచ్చింది. మా బంధువుల పిల్లోడికి ఆ చివరి ప్రశ్నకి ఎంత పడిందో ఫైలు తీసి చూడమని ఇప్పుడే ఫోన్ చేశా.

ఉలవపాడు (ఉలవపాడు)
ఇప్పుడే చేరాను. మా అమ్మకి పక్షవాతం వచ్చి మాట పోయింది. టిక్కు పెట్టలేదు, చెప్పలేదు. ఆమెకి ఎలా తెలుసుకుంటారు?

నిండు చెరువు
మాట పోయినవాళ్ల కోసం, చూసుకునేవాళ్లు గమనించి నింపే కాగితం వేరే ఉందమ్మా. ఏడుస్తోందా, మొహం తిప్పుకుంటోందా, నిద్ర ఎలా ఉంది, చుట్టూ ఉన్నవాటిని పట్టించుకుంటోందా లాంటివి. దీనికి విడిగా ఒక చర్చ మొదలుపెట్టండి, అమ్మ వయసు, ఎన్నాళ్లయింది, ఏ వైపు చచ్చుబడిందో రాయండి. రాత్రి చూస్తాను.